కందుకూరు పాప, అమెరికాలో పాస్‌పోర్టు: ఒక కేసు పూర్వాపరాలు

విదేశంలో ఉన్న పిల్లల పాస్‌పోర్టు గడువు దగ్గరపడిందని, కాగితాలు సరిచూపించుకోవడానికి మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది జనన ధ్రువపత్రం, పాత పాస్‌పోర్టు నకలు, రెండు ఫొటోలు పట్టుకుని వస్తారు. ఆ మూడూ మామూలుగా సరిగ్గానే ఉంటాయి. తేడా వచ్చేదల్లా తల్లిదండ్రుల కాగితాల్లో: పెళ్లికి ముందు తీసుకున్న పాస్‌పోర్టులో తల్లికి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, తండ్రి పేరు ఒకచోట పొట్టి అక్షరాలతోనూ మరోచోట పూర్తిగానూ ఉంటుంది, ఇద్దరిలో ఒకరు ఇక్కడా ఒకరు అక్కడా ఉండడం వల్ల సంతకాలు ఒకే కాగితం మీదకు రావు. పిల్లల పాస్‌పోర్టు పేరుకు పిల్లలదే గానీ, అధికారి తిరగేసి చూసేది మాత్రం ఎక్కువగా తల్లిదండ్రుల పత్రాలనే. ఆ సంగతి స్పష్టంగా కనిపించిన ఒక కేసును కుటుంబం అనుమతితో, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇక్కడ రాస్తున్నాను.

కుటుంబం కందుకూరు పక్కనున్న ఒక పల్లెకు చెందినది. తల్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద అమెరికాలో పనిచేస్తున్నారు. తండ్రి కొన్నేళ్లు హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద అక్కడే ఉండి, తన తండ్రి ఆరోగ్యం బాగాలేకపోవడంతో 2023లో తిరిగివచ్చి పొగాకు సాగు, ఆకును ఆరబెట్టే బ్యారన్ పనులు చూసుకుంటున్నారు. వాళ్లకు ఒక్కతే పాప. 2017లో కందుకూరులోనే పుట్టింది, 2019లో ఇక్కడే మొదటి పాస్‌పోర్టు తీసుకున్నారు, తల్లితోపాటు హెచ్-4 మీద ఉంటూ అక్కడి బడిలో చదువుకుంటోంది. ఆ పాస్‌పోర్టు గడువు 2024 సెప్టెంబరులో ముగుస్తుంది. తండ్రి నా దగ్గరకు వచ్చింది ఆ ఏడాది ఫిబ్రవరిలో.

భార్యాభర్తల మధ్య ఎలాంటి తగాదా లేదు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. తల్లి ఒక దేశంలో, తండ్రి ఇంకో దేశంలో ఉన్న పిల్లల దరఖాస్తు చూడగానే అధికారికి మొదట వచ్చే అనుమానం అదే.

ఇక్కడ నిబంధన రెండు మాటల్లో చెప్పాలి. మన పాస్‌పోర్టు వ్యవస్థలో పాత పుస్తకానికి గడువు పొడిగించడం ఉండదు, కొత్త నంబరుతో కొత్త పుస్తకం మళ్లీ జారీ చేస్తారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అయిదేళ్లకు గానీ, పద్దెనిమిదో ఏడు నిండేవరకు గానీ, ఏది ముందయితే అంతవరకే ఇస్తారు. పదిహేనేళ్లు దాటినవాళ్లు కోరుకుంటే పదేళ్ల పాస్‌పోర్టు తీసుకోవచ్చు. గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకునే వీలుంది. అంటే ఈ పాప విషయంలో 2023 సెప్టెంబరు నుంచే దారి తెరిచి ఉంది.

తండ్రి ఆలోచన వేరేగా ఉంది. "ఇంకా ఆర్నెల్లకు పైనే టైముంది గదా సార్, ఎండాకాలం సెలవులకు పాప ఇక్కడికే వస్తుంది, అప్పుడు తత్కాల్‌లో చేయిస్తే పోలా?" అన్నారు. ఆయన మాటలో తర్కం లేకపోలేదు. ఇక్కడ పిల్లల పాస్‌పోర్టు రుసుము వెయ్యి రూపాయలు, త్వరగా ఇచ్చే తత్కాల్ అయితే మరో రెండు వేలు. నెల్లూరు తపాలా కార్యాలయంలోనే సేవా కేంద్రం ఉంది. తల్లిదండ్రులకు చెల్లుబాటయ్యే పాస్‌పోర్టులు ఉండి, సమ్మతి పత్రం సక్రమంగా ఉంటే పిల్లలకు సాధారణంగా పోలీసు విచారణ కూడా అడగరు. దాంతో చాలా కుటుంబాలు ఈ దారే పడతాయి, చాలామందికి పని సాఫీగానే జరిగిపోతుంది.

నేను ఆయనను అడిగింది పాస్‌పోర్టు కాదు, అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే పాప ఐ-94 కాగితం. ఆయన దగ్గర లేదు. భార్యకు ఫోన్ చేసి అమెరికా సరిహద్దు భద్రతా విభాగం వెబ్‌సైట్ నుంచి తల్లీబిడ్డలిద్దరివీ దింపి పంపమన్నాను. విమాన ప్రయాణికులకు 2013 నుంచి ఐ-94 కాగితం చేతికి ఇవ్వడం మానేసి ఎలక్ట్రానిక్ రికార్డుగా ఉంచుతున్నారు, అందువల్ల దాన్ని దింపి చూసుకోవాలన్న సంగతే చాలామందికి తట్టదు. రాత్రికి రెండూ వాట్సాప్‌లో వచ్చాయి. తల్లి ఐ-94 ఆమె హెచ్-1బి కోసం కంపెనీ వేసిన పిటిషన్ గడువుకు సరిపడా 2026 వరకు ఉంది. పాపది మాత్రం 2024 సెప్టెంబరులో, సరిగ్గా పాస్‌పోర్టు గడువు ముగిసే రోజుతో ఆగిపోయింది.

ఈ ఒక్క తేదీ ఈ కేసు మొత్తాన్ని మార్చింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. వీసా ముద్ర మీద ఉన్న తేదీ ఆ దేశపు గుమ్మం దాకా రావడానికి ఉన్న గడువు. లోపల ఎంతకాలం ఉండవచ్చో చెప్పేది ఐ-94. విమానాశ్రయంలో అధికారి ఆ తేదీ వేసేటప్పుడు పాస్‌పోర్టు గడువు ముందే ముగుస్తుంటే, పిటిషన్ ఎంత దూరం ఉన్నా, అక్కడికే కుదించడం తరచుగా జరుగుతుంది. పెద్దవాళ్లకు పదేళ్ల పాస్‌పోర్టు కాబట్టి ఈ కత్తిరింపు వాళ్లకు అరుదుగా తగులుతుంది. అయిదేళ్ల పాస్‌పోర్టు ఉన్న పిల్లలకే మాటిమాటికీ తగులుతుంది. కుటుంబమంతా ఒకే వరుసలో నిలబడి, ఒకే అధికారి దగ్గర ముద్రలు వేయించుకుని బయటికి వస్తారు గనక అందరికీ ఒకే తేదీ పడిందనుకుంటారు. ఈ కుటుంబంలోనూ 2023 ఆగస్టులో సెలవుల నుంచి తిరిగి వెళ్లినప్పుడు అదే జరిగింది.

అసలు చిక్కు ఏమిటంటే, తర్వాత కొత్త పాస్‌పోర్టు తీసుకున్నంత మాత్రాన ఐ-94 తేదీ దానంతటదే పెరగదు. 2028 వరకో 2029 వరకో చెల్లే పుస్తకం చేతిలో ఉన్నా, ఐ-94 ప్రకారం ఆ పాప ఉండవలసిన గడువు 2024 సెప్టెంబరుతో తీరిపోయినట్టే. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు మూడేళ్ల, పదేళ్ల ప్రవేశ నిషేధాలకు దారితీసే అక్రమ నివాసపు లెక్క మొదలు కాదన్నది నిజమే గానీ, హోదా తప్పిన విషయం మాత్రం రికార్డులో నిలుస్తుంది, తేదీ దాటి ఉన్నందుకు ఉన్న వీసా చెల్లకుండా పోయే నిబంధన కూడా అక్కడి చట్టంలో ఉంది. దీనికి మందు రెండు విధాలు. ఆ తేదీ లోపల ఐ-539 అనే దరఖాస్తు పెట్టి గడువు పొడిగించమని అడగడం ఒకటి. ఆ తేదీ లోపలే దేశం దాటి, కొత్త పాస్‌పోర్టుతో తిరిగి ప్రవేశించి కొత్త ఐ-94 వేయించుకోవడం రెండోది. ఏది మంచిదో తేల్చడం నా పని కాదు, అక్కడ వకాల్తా ఉన్నవాళ్ల పని. తల్లి పనిచేసే కంపెనీ తరఫు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగమన్నాను. వేసవి ప్రయాణం ఎలాగూ ఉంది కాబట్టి రెండోదే మేలని ఆయన చెప్పారట.

అయితే రెండో దారి పనిచేయాలంటే తిరిగి వెళ్లే నాటికి కొత్త పాస్‌పోర్టు చేతిలో ఉండి తీరాలి. తండ్రి అనుకున్న తత్కాల్ పథకంలో బలహీనత అక్కడే బయటపడింది. ఇక్కడ దరఖాస్తు పెట్టి, ఏదైనా అభ్యంతరంతో ఆగితే, ఆగస్టులో బడి తెరిచే సమయానికి పాప కందుకూరులో చిక్కుకుపోతుంది. పైగా తల్లికి సెలవు దొరకక పాప ఒక్కతే బంధువులతో వస్తే, తల్లి అక్కడి భారత దౌత్య కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రమాణపత్రం పంపాలి. తల్లిదండ్రుల్లో ఒకరు విదేశంలో ఉన్నప్పుడు ఇక్కడి నిబంధన అది. ఎటు చూసినా అక్కడి కాన్సులేట్‌కు వెళ్లక తప్పనప్పుడు, దరఖాస్తే అక్కడ పెట్టి, అభ్యంతరం ఏదైనా వస్తే సర్దుకునే వ్యవధి ఉంచుకోవడం తెలివైన పని. మార్చి మొదట్లో అక్కడే దరఖాస్తు పెట్టాలని తేల్చుకున్నాం.

ఇక తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, పెళ్లి ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం, పాప పాత పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు అన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచి, ఒక్కో పేరును అక్షరం అక్షరం పోల్చాను. ఈ పని ఎంత విసుగు పుట్టించినా నేను ఎవరికీ వదలను. సుబ్బారావు అన్న పేరు ఒకచోట కలిపి, ఇంకోచోట సుబ్బ అని, రావు అని విడదీసి రాసి ఉంటే మనకు ఇద్దరూ ఒకరే. కంప్యూటరుకు ఇద్దరు మనుషులు.

తండ్రి పేరు విషయంలో అదృష్టం బాగుంది, అన్నింటిలోనూ ఒకే తీరుగా ఉంది. తేడా తల్లి దగ్గర వచ్చింది. ఆమె పాస్‌పోర్టు పెళ్లికి ముందు, చదువుకునే రోజుల్లో తీసుకున్నది, తర్వాత గడువు తీరినప్పుడు అవే వివరాలతో మళ్లీ తీసుకున్నారు. అందులో ఇంటిపేరు పుట్టింటిది, భర్త పేరు ఉండాల్సిన గడి ఖాళీ. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఇంటిపేరు లేకుండా ఒక్క మాటగా ఉంది. 2019లో పాపకు పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు ఫారం నింపినవాళ్లెవరో తల్లి పేరుకు అత్తింటి ఇంటిపేరు తగిలించారు. మన ఊళ్లలో కోడలిని అత్తింటి ఇంటిపేరుతోనే పిలుస్తారు, పెళ్లి పత్రికల దగ్గర్నుంచి రేషన్ కార్డు దాకా అలాగే రాస్తారు, అందువల్ల ఆ రోజు అది ఎవరికీ తప్పుగా కనిపించి ఉండదు. ఫలితంగా, పాప పాస్‌పోర్టులోని తల్లి పేరుతో భూమ్మీద ఏ పాస్‌పోర్టూ లేదు.

దీన్ని సరిచేయడానికి రెండు మార్గాలున్నాయి. తల్లి తన పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకుని, భర్త పేరు చేర్పించుకుంటే పాప పాస్‌పోర్టుతో సరిపోతుంది. లేదా పాప కొత్త పాస్‌పోర్టులోనే తల్లి పేరును ఆమె పాస్‌పోర్టులో ఉన్నట్టుగా దిద్దించవచ్చు. మొదటిది వినడానికి శుభ్రంగా ఉంటుంది గానీ, ఆమె హెచ్-1బి ఆమోదపత్రం, డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ, బ్యాంకు ఖాతాలు, చదువు పట్టాలు అన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి. ఒక పేరు మారిస్తే ఇరవై చోట్ల మార్చాలి. ఆమెకు తన పేరు మార్చుకోవాలన్న కోరికా లేదు. నేను కూడా ఏ ఆడపిల్లకూ అలా సలహా ఇవ్వను, పట్టాల మీద ఉన్న పేరును పాస్‌పోర్టులో కదిపినవాళ్లు పడే తిప్పలు చాలా చూశాను. రెండో మార్గమే ఎంచుకున్నాం. దానికి ఆధారంగా తల్లి పాస్‌పోర్టు నకలు, జనన ధ్రువపత్రం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో హిందూ వివాహ చట్టం కింద నమోదైన పెళ్లి ధ్రువపత్రం జతచేశాం. భర్తకు హెచ్-4 వీసా కోసం అప్పట్లోనే పెళ్లి నమోదు చేయించి ఉండడం ఇక్కడ కలిసొచ్చింది. ఆ కాగితం లేకపోయి ఉంటే, భార్యాభర్తలు చెరో ఖండంలో ఉన్న సమయంలో దాన్ని సంపాదించడం చిన్న పని కాదు.

జిల్లా పేరు దగ్గర తండ్రి చాలా బెంగపడ్డారు. పాప జనన ధ్రువపత్రంలోనూ పాత పాస్‌పోర్టులోనూ ప్రకాశం జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పునర్విభజించినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది, ఆయన ఆధార్‌లో చిరునామా నెల్లూరు జిల్లాగా మారింది. పాప పుట్టిన ఊరు ఏ జిల్లాది అని రాయాలన్నది ఆయన ప్రశ్న. పుట్టినచోటు పాత పాస్‌పోర్టులోనూ జనన ధ్రువపత్రంలోనూ ఎలా ఉందో అలాగే ఉంచాలని, జిల్లా గీతలు జరిగినందుకు మనిషి పుట్టిన చోటు మార్చాల్సిన పని లేదని చెప్పాను. చిరునామా సంగతి వేరు. అక్కడ దరఖాస్తు నాటి జిల్లా పేరు రాసి, ఆధార్ రుజువుగా చూపించవచ్చు. డోర్ నంబరు అదే, వీధి అదే, 523తో మొదలయ్యే పిన్ కోడ్ కూడా అదే, కాబట్టి చూసేవాళ్లకు రెండూ ఒకే ఇల్లని తెలిసిపోతుంది. ఈ విషయంలో చివరిదాకా ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టింది తండ్రి సమ్మతి మీద. పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసే ప్రకటనను అనెక్జర్-డి అంటారు. ఒకరి సమ్మతి దొరకని పరిస్థితిలో రెండోవారు ఇచ్చేది అనెక్జర్-సి. పాప తల్లి ఫోన్‌లో, "నేనొక్కదాన్నే సంతకం పెట్టే ఫారం ఉందట గదండీ, అది పెట్టేస్తే ఆయన కాగితం కోసం ఎదురుచూడక్కర్లేదు గదా" అని అడిగారు. విడిపోయినవాళ్లకు, జాడ తెలియని భర్తలున్నవాళ్లకు, సమ్మతి ఇవ్వనని మొండికేసిన తండ్రులున్నవాళ్లకు ఉద్దేశించిన ప్రకటన అది. సంతోషంగా సంతకం పెట్టడానికి తండ్రి సిద్ధంగా ఉన్నప్పుడు ఆయన సమ్మతి దొరకలేదని రాయడం అబద్ధపు ప్రకటన అవుతుంది. తెలిసి తప్పు సమాచారం ఇస్తే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు గానీ, అయిదు వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 10వ సెక్షన్ కింద ఆ పాస్‌పోర్టునే స్వాధీనం చేసుకోవచ్చు. కొరియరుకు పట్టే కొద్ది రోజులు మిగుల్చుకోవడానికి ఎత్తాల్సిన బరువు కాదది. ఆమె వెంటనే అర్థం చేసుకున్నారు.

2016 డిసెంబరులో చేసిన మార్పుల తర్వాత ఈ అనెక్జర్లను తెల్లకాగితం మీద స్వయంప్రకటనగా ఇస్తే చాలని, నోటరీ అక్కర్లేదని మనవాళ్లకు బాగానే తెలుసు. అందుకే విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడ కూడా ఉత్త సంతకంతో పంపి, ఆగిపోయి, మళ్లీ మా దగ్గరకు వస్తుంటారు. అమెరికాలో దరఖాస్తులు తీసుకునేచోట మాత్రం తల్లిదండ్రుల సమ్మతిని నోటరీ ముందు సంతకం చేసి ఇవ్వమంటారు. ఒక కాన్సులేట్ పరిధిలో అడిగే జాబితా ఇంకో పరిధిలో అక్షరాలా అదే ఉండాలని కూడా లేదు. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు హ్యూస్టన్, న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు న్యూయార్క్, జార్జియాలో ఉన్నవాళ్లకు అట్లాంటా కాన్సులేట్ అవుతుంది. పక్క రాష్ట్రంలో ఉన్న స్నేహితురాలు పంపిన జాబితా చూసి కాగితాలు సర్దుకోవడం మంచిది కాదు. తమ పరిధికి చెందిన తాజా జాబితాను దింపి పంపమని తల్లికి చెప్పి, దాని ప్రకారమే ముందుకు వెళ్లాం.

ఇద్దరూ ఒకే కాగితం మీద ఒకే నోటరీ ముందు సంతకం చేయలేరు కాబట్టి, తల్లి అక్కడ అనెక్జర్-డి మీద నోటరీ చేయించడం, తండ్రి ఇక్కడ వంద రూపాయల స్టాంపు కాగితం మీద విడిగా ప్రమాణపత్రం ఇవ్వడం అని పని పంచాను. ప్రమాణపత్రంలో పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాత పాస్‌పోర్టు నంబరు, తన పాస్‌పోర్టు నంబరు, భార్య పేరు ఆమె పాస్‌పోర్టులో ఉన్నట్టే, పాప పాత పాస్‌పోర్టులో ఆమె పేరు ఎలా పడిందో, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని, కొత్త పాస్‌పోర్టులో తల్లి పేరు సరిచేయడానికి కూడా తనకు సమ్మతమేనని రాయించాను. ఈ చివరి రెండు వాక్యాలూ మామూలు నమూనాలో ఉండవు. తర్వాత అవే ఆదుకున్నాయి.

నోటరీ దగ్గర జరిగిన చిన్న సంగతి ఒకటి చెప్పాలి. తండ్రి కలం తీసుకుని అలవాటు కొద్దీ తెలుగులో సంతకం మొదలుపెట్టబోయారు. తిరిగివచ్చిన దగ్గర్నుంచి బ్యాంకులోనూ సొసైటీలోనూ పొగాకు వేలం కేంద్రంలోనూ ఆయన తెలుగులోనే పెడుతున్నారు, అది ఎంతో మెచ్చదగిన విషయం. పాస్‌పోర్టులో మాత్రం ఆయన సంతకం ఇంగ్లీషులో, పొడుగు గీత లాగిన పాత కుర్రకారు సంతకం. కాన్సులేట్‌లో ఉన్నవాళ్లు ఆ ప్రమాణపత్రాన్ని పోల్చి చూసేది పాస్‌పోర్టు నకలుతోనే. చెయ్యి ఆపి, నకలు పక్కన పెట్టి, తెల్లకాగితం మీద ఆ పాత సంతకం నాలుగైదుసార్లు రాయించాకే స్టాంపు కాగితం ముందుకు జరిపాం. తర్వాత నోటరీ రిజిస్టరులో కూడా అదే సంతకం పెట్టించి, ప్రతి పేజీ మీద ముద్ర, చివర నోటరీ రిజిస్ట్రేషన్ నంబరు చదవడానికి వీలుగా పడ్డాయో లేదో చూసుకుని, స్కాన్ తీసి ఉంచుకుని, అసలు ప్రతిని కొరియరు చేశాం.

ఫొటో, సంతకం పాప చేయాల్సిన పనులు. అప్పట్లో అక్కడ అడిగింది రెండంగుళాల చదరపు ఫొటో, తెల్లటి వెనకతెర. ఫొటో కొలతలు, ప్రమాణాలు మారుతూ ఉంటాయి కాబట్టి ఎప్పటికప్పుడు జాబితా చూడాల్సిందే. ఏడేళ్ల పిల్ల పేరు రాయగలదు గనక సంతకం తనే చేయాలి, రాయలేని పసిపిల్లలకు వేలిముద్ర వేయిస్తారు. పిల్ల తరఫున తల్లి ఆ గడిలో సంతకం చేయకూడదు. గడి చిన్నది, పాప అక్షరాలు పెద్దవి, మొదటి ఫారంలో చివరి రెండు అక్షరాలు గీత దాటి బయటికి పోయాయి. ఇంకో ప్రతి ముద్రించి, అదే కొలతలో పెన్సిలుతో గడులు గీసిచ్చి, ఒక సాయంత్రమంతా సాధన చేయించారట.

ఇంత చేసినా దరఖాస్తు ఒకసారి ఆగింది. ఆన్‌లైన్ ఫారంలో మళ్లీ జారీకి కారణం అడిగే చోట గడువు ముగియడం, వ్యక్తిగత వివరాల్లో మార్పు, పేజీలు నిండిపోవడం, పోవడం, పాడవడం లాంటివి ఉంటాయి. తల్లి గడువు ముగియడం ఒక్కటే ఎంచుకుని, కింద తన పేరు మాత్రం తన పాస్‌పోర్టులో ఉన్నట్టు కొత్తగా రాశారు. పాత పాస్‌పోర్టులో ఒక పేరు, మార్పు ఏమీ కోరని ఫారంలో ఇంకో పేరు. అడ్డు చెప్పకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, చెప్పడంలో వింతేమీ లేదు. దరఖాస్తును తిరస్కరించలేదు, వివరాల్లో మార్పు కూడా కారణంగా చూపుతూ ఫారం మళ్లీ నింపి పంపమన్నారు. తండ్రి ప్రమాణపత్రంలో రెండు పేర్ల సంగతి ముందే రాసి ఉండడంతో ఇక్కడి నుంచి మరో కాగితం పంపాల్సిన అవసరం రాలేదు. అదే జూన్‌లో వచ్చి ఇక్కడ తత్కాల్‌లో పెట్టి ఉంటే ఈ ఆగడం ఆగస్టు దాకా ఈడ్చేది.

మా ప్రాంతంలో ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్ల కేసులు కూడా మా దగ్గరకు వస్తుంటాయి గనక ఒక తేడా చెప్పి ముందుకు పోతాను. ఈ పాప ఇక్కడ పుట్టి అక్కడికి వెళ్లింది కాబట్టి పౌరసత్వం గురించి ప్రశ్నే రాలేదు. గల్ఫ్‌లో పుట్టిన పిల్లలకు పుట్టుకతో ఆ దేశ పౌరసత్వం రాదు, మన పౌరసత్వం కోసం పౌరసత్వ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఏడాది లోపల మన దౌత్య కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ నమోదు కాగితాన్ని మొదటి పాస్‌పోర్టు రాగానే పారేసినవాళ్లు, అయిదేళ్ల తర్వాత మళ్లీ జారీ దగ్గర దాని కోసం ఇల్లంతా వెతుక్కుంటారు. అమెరికాలో పుట్టిన పిల్లల సంగతి పూర్తిగా వేరు. వాళ్లు ఆ దేశ పౌరులు, అక్కడి పాస్‌పోర్టు తీసుకుంటారు, మన పాస్‌పోర్టు కాకుండా, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటారు.

కొత్త పాస్‌పోర్టు మే నెలలో చేతికి వచ్చింది. ముందు చూడమన్నది తల్లి పేరు, తర్వాత పుట్టిన ఊరు, ఆ తర్వాత పాప పేరులో ఇంటిపేరు, పెట్టినపేరు వేరువేరు గడుల్లో పడ్డాయా అన్నది. అన్నీ సరిపోయాయి. రద్దు ముద్రతో పాత పాస్‌పోర్టు కూడా తిరిగి ఇచ్చారు. అందులో 2026 దాకా చెల్లే హెచ్-4 వీసా ఉంది. వీసా ముద్ర పాడవకుండా ఉండి, గడువులో ఉన్నంతకాలం, రద్దయిన పాస్‌పోర్టులో ఉన్నా కొత్త పాస్‌పోర్టుతో కలిపి చూపిస్తే చెల్లుతుంది. కాబట్టి రెండు పుస్తకాలనూ కలిపి పట్టుకెళ్లాలి, సామానులో వేయకుండా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. పాతదాన్ని ఇక పనికిరాదని బీరువాలో పెట్టి వచ్చి, ఇక్కడ విమానాశ్రయంలో నిలిచిపోయిన కుటుంబాలు నాకు తెలుసు.

జూన్‌లో తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు, ఆగస్టు రెండో వారంలో తిరిగి వెళ్లారు. వెళ్లేముందు ఒక్క మాటే చెప్పాను: ఇల్లు చేరగానే పెట్టెలు తెరవడానికి ముందే ఐ-94 దింపి చూడమని. విమానాశ్రయంలో అధికారి పాత పుస్తకంలో వీసా చూసి, కొత్త పుస్తకంలో ముద్ర వేశారు. మర్నాడు వచ్చిన నకలులో పాప తేదీ కూడా తల్లి పిటిషన్ గడువుతో సరిపోలింది. ఒకవేళ సరిపోలకపోయి ఉంటే అక్కడి న్యాయవాదిని వెంటనే కదపడానికి నెల రోజులకు పైగా వ్యవధి ఉండేది; పాత తేదీ సెప్టెంబరులో కదా.

ఇప్పుడు మిగిలింది తల్లి పాస్‌పోర్టులో ఖాళీగా ఉన్న భర్త పేరు గడి. పుట్టింటి ఇంటిపేరు అలాగే ఉంచుకుని భర్త పేరు మాత్రం చేర్పించుకోవచ్చు, రెండింటికీ సంబంధం లేదు. తన పాస్‌పోర్టు మళ్లీ జారీకి వచ్చినప్పుడు ఆ పని కూడా చేయిస్తానని ఆమె అన్నారు. పెళ్లి ధ్రువపత్రం స్కాన్, ప్రమాణపత్రం స్కాన్, పాప రెండు పాస్‌పోర్టుల నకళ్లు ఒకే ఫైలులో పెట్టి, పై అట్ట మీద రెండు తేదీలు రాసి ఉంచాను: పాప పాస్‌పోర్టు గడువు 2029 మే, ఐ-94 గడువు 2026. ముందుగా చూడాల్సిన తేదీ రెండోది కాబట్టి దాని కింద ఎర్రగీత గీశాను.